ఒకటి పాయింట్ ఒకటి

లోథార్ ప్లోగర్‌కి పదేళ్ళ వయసులో ఒక అన్యాయం జరిగింది. జర్మనీలో మా వైపు నాలుగో తరగతి అయిపోగానే పిల్లల్ని రెండుగా చీలుస్తారు. కొందరు పెద్ద చదువుకి, మిగతావాళ్ళు చేతిపనికి. ఎవడు ఎటో పంతులే రాసిస్తాడు. యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. లోథార్ తండ్రి తోళ్ళ కార్ఖానాలో పనివాడు. బడి బెంచీ మీద లోథార్ పక్కన కూర్చునేవాడు పళ్ళ డాక్టరు కొడుకు. ఆఖరి లెక్కల పరీక్షలో ఇద్దరూ అవే రెండు లెక్కలు తప్పారు. పళ్ళ డాక్టరు కొడుక్కి రెండు వచ్చింది, లోథార్‌కి నాలుగు. మా గ్రేడుల్లో ఒకటంటే అన్నిటికంటే మేలు, అంకె పెరిగేకొద్దీ అధ్వాన్నం. లోథార్ రెండు కాగితాలూ పట్టుకుని పంతులు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పంతులు కాగితాలు చూడలేదు. పిల్లవాడి మొహం చూశాడు, చొక్కా చూశాడు. "దూరంగా నిలబడరా, తోలు కంపు," అన్నాడు. క్లాసంతా నవ్వింది. పళ్ళ డాక్టరు కొడుకు అందరికంటే గట్టిగా నవ్వాడు. లోథార్ చేతిపనికి వెళ్ళాడు.

ఇంకొకడైతే ఆ రోజుతో గ్రేడులంటేనే ఉమ్మేసేవాడు. నేనైతే ఉమ్మేశాను. లోథార్ మాత్రం వేరేగా అర్థం చేసుకున్నాడు. గ్రేడుది తప్పు కాదు, వేసినవాడు మొహం చూసి వేశాడు, అదీ తప్పు. మొహం చూడకుండా, వాసన పీల్చకుండా, కేవలం కొలిచి వేస్తే గ్రేడు ఎప్పటికీ అబద్ధం చెప్పదు. ఈ మాట అతను నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ కొత్తగా కనిపెట్టినట్టు.

అల్లిక యంత్రాల కార్ఖానాలో నలభై ఏళ్ళకు పైగా లేత్ మెషిన్ మీద పనిచేశాడు. రిటైరయ్యాక ఊరి లైబ్రరీలో వస్తువుల్ని పరీక్షించి గ్రేడులు వేసే పత్రిక ముందు కూర్చునేవాడు. మా ఊరు రాయిట్లింగెన్‌లో అలా కూర్చునే ముసలివాళ్ళకి కొదవేమీ లేదు. బంగాళదుంపల చాకు కొనాలన్నా ముందు ఏ చాకుకి ఏ గ్రేడు వచ్చిందో చూసుకునే జనం మేము. కాని మిగతావాళ్ళు పత్రిక చదివాక దుకాణానికి వెళ్ళి ఆ చాకుని చేత్తో పట్టుకుని చూస్తారు. లోథార్ పట్టుకోడు. పట్టుకుంటే మనసు అటు లాగుతుందట. ఎప్పుడూ మూడింటిని పోల్చేవాడు, మూడింటిలో దేన్నీ కళ్ళతో చూడకుండా ఒకదాన్ని తెప్పించేవాడు.

వాళ్ళ ముందుగదిలో సోఫా అలా వచ్చిందే. ఆ ఏడాది పరీక్షల్లో అదే మొదటిది. లోతు ఎక్కువ. అతని భార్య రోజ్విటా పొట్టి మనిషి. దాంట్లో వెనక్కి ఆనుకుంటే కాళ్ళు గాల్లో ఉండేవి. ఇరవై ఏళ్ళు ఆమె వంటింటి స్టూలు మీద కూర్చుని టీవీ చూసింది. "సోఫాకి ఒకటి వచ్చింది బాబూ, నా కాళ్ళకే నాలుగొచ్చింది," అనేది నాతో.

నేను వాళ్ళ పైన, కప్పు కింది గదిలో అద్దెకుండేవాణ్ణి. పార్సెళ్ళ గోడౌనులో పని, ఒక పాత వ్యాను, పారేసిన పుస్తకాలు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళందరూ రోజ్విటాని ప్లోగరమ్మ అనేవాళ్ళు. మెట్లు ఊడ్చే వంతు నాకొచ్చినప్పుడు నేను ఎగ్గొడితే ఆవిడే ఊడ్చి, ఆ తర్వాత నన్ను తిట్టేది. వాళ్ళకి పిల్లల్లేరు. పెళ్ళి యాభై ఏళ్ళ పండగలో లోథార్ గ్లాసు పట్టుకుని లేచి, కార్ఖానా డాన్సులో ముగ్గురమ్మాయిల్ని గమనించి రోజ్విటాని ఎంచుకున్నానని గర్వంగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ప్లోగరమ్మ కూర్చున్నచోటి నుంచే, "నేను ఒక్కణ్ణే చూశాను. అక్కడే దెబ్బతిన్నాను," అంది. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు.

ఆ పండగ అయిన మూడేళ్ళకి, నవంబరులో, ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. నోరు ఓ పక్కకి లాగింది గాని మాట పోలేదు. డిసెంబరు మొదటి వారంలో ఆసుపత్రివాళ్ళు శుక్రవారానికల్లా మంచం ఖాళీ చెయ్యాలన్నారు. లోథార్ గుండెకి అప్పటికే ఆపరేషన్ అయింది, ఆమెని ఎత్తలేడు. ముసలివాళ్ళని చూసుకునే హోమ్ ఏదో ఒకదాంట్లో చేర్చక తప్పదు. నేను వ్యానులో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఈ మాటే నడిచింది.

"హెడ్విగ్ పక్క గది ఖాళీ అయిందట," అంది ప్లోగరమ్మ. హెడ్విగ్ ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు. మా వీధి వెనకాల చర్చి సిస్టర్లు నడిపే హోమ్‌లో ఉండేది. "సిస్టర్ గురువారం దాకా ఆపుతానంది."

"ఎవరు చెప్పారు?"

"హెడ్విగే ఫోన్ చేసింది."

"హెడ్విగ్‌కి ఎన్ని హోములు తెలుసు? ఒక్కటి. ఒక్కటే తెలిసినవాళ్ళని అడిగి ఏం లాభం?"

"అందులో ఆరేళ్ళుగా బతికే ఉంది కదా లోథార్."

"హెడ్విగ్ ఎక్కడ పడేసినా బతుకుతుంది. రబ్బరు మనిషి."

ప్లోగరమ్మ కుడిచేత్తో అతని కోటు అంచు పట్టుకుంది. "ఇటు చూడు. నేను బట్టలుతికే మెషిన్ అడగట్లేదు. హెడ్విగ్ ఉన్నచోట ఉంటానంటున్నాను. రోజూ నువ్వు నడిచి రావచ్చు."

"మెషిన్ కాదు కాబట్టే ఇంకా జాగ్రత్తగా చూడాలి," అన్నాడు లోథార్. కోటు మెల్లగా విడిపించుకున్నాడు. అతని గొంతులో ప్రేమ లేకపోలేదు. ఉంది. ఆ ప్రేమని చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజుల్లో హోములకి కూడా బడిపిల్లల్లా గ్రేడులు వేసేవాళ్ళు. తనిఖీవాళ్ళు వచ్చి ఎన్నో అంశాలు చూసి, ఒక్కోదానికి ఒక్కో గ్రేడు వేసి, అన్నీ కలిపి సగటు తీసేవాళ్ళు. ఆ కాగితం వీధి తలుపు దగ్గర తగిలించాలి. లోథార్‌కి ఇంతకంటే ఏం కావాలి? బుధవారం పొద్దున భూతద్దం జేబులో పెట్టుకుని నా వ్యాను ఎక్కాడు. మూడు హోములు చూడాలన్నాడు. చూడటమంటే తలుపు దగ్గర కాగితం చూడటం.

మొదటిది ఊరి చివర, బస్సు రెండుసార్లు మారి వెళ్ళాల్సిన చోటు. అద్దాల గుమ్మం, నిమ్మకాయ వాసన. సగటు ఒకటి పాయింట్ ఒకటి. లోథార్ కాగితం మొత్తం చదివాడు. కదలకుండా పడుకున్నవాళ్ళకి మంచం పుళ్ళు రాకుండా తీసుకునే జాగ్రత్తలకి రెండు పాయింట్ ఎనిమిది. భోజనాల పట్టిక కంటికి కనబడేలా ఉన్నందుకు ఒకటి. పండగలు జరిపినందుకు ఒకటి. ఫిర్యాదులు తీసుకునే పద్ధతికి ఒకటి.

"ప్లోగర్ గారూ, పుళ్ళ దగ్గర రెండు పాయింట్ ఎనిమిది ఉంది, చూశారా?"

"చూశాను. మొత్తం మీద ఒకటి పాయింట్ ఒకటి. దేనికెంత బరువో నిపుణులకి తెలుసు, నీకూ నాకూ తెలీదు."

"లోపలికెళ్ళి ఓసారి చూద్దామా?"

"ఏం చూస్తావు? బల్ల దగ్గర ఒక పిల్ల ఉంటుంది. నవ్వుతుంది. నువ్వు పడిపోతావు. నీ వయసు వాళ్ళందరూ అలాగే పెళ్ళిళ్ళు చేసుకుని చస్తున్నారు."

రెండోది ఒకటి పాయింట్ నాలుగు. దాని గురించి చెప్పడానికేమీ లేదు. మూడోది సిస్టర్లది. ఒకటి పాయింట్ ఎనిమిది. గుమ్మంలో నిలబడితే ఉల్లిపాయలు వేగే వాసన వచ్చింది. పక్క కిటికీలోంచి హెడ్విగ్ మమ్మల్ని చూసింది. అద్దం మీద వేళ్ళతో కొట్టింది, రమ్మని రెండు చేతులూ ఊపింది. లోథార్ భూతద్దం మీద నుంచి తల ఎత్తలేదు. ఆ కొట్టుడు విని కాబోలు లోపలి నుంచి ఒక సిస్టర్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లావుపాటి మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"రండి ప్లోగర్ గారూ. మంచం వేసి ఉంచాం. వచ్చి చూడండి."

"మీకు మంచం పుళ్ళ దగ్గర మూడు పాయింట్ ఆరు ఎందుకొచ్చింది?"

"రాయడానికి తీరిక లేక. మనిషిని ఎప్పుడు ఏ పక్కకి తిప్పామో ప్రతిసారీ రాసి సంతకం పెట్టాలి. మేము తిప్పుతాం, రాయడం మర్చిపోతాం. వాళ్ళు రాత చూస్తారు, వీపు చూడరు."

"రాయనిది చేశారని నాకెలా తెలుస్తుంది?"

"లోపలికి రండి. వీపులు చూపిస్తాను. మొదట హెడ్విగ్‌దే చూపిస్తా, దానికి సిగ్గు లేదు."

నాకు నవ్వొచ్చింది. లోథార్‌కి రాలేదు. భూతద్దం జేబులో పెట్టుకుని, "చూస్తే మనసు ఇటు లాగుతుంది. వద్దు," అన్నాడు. వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. సిస్టర్ నా వంక చూసి భుజాలెగరేసింది. కిటికీలో హెడ్విగ్ ఇంకా చేతులు ఊపుతూనే ఉంది.

దారిలో చెప్పాను. ప్లోగరమ్మ అక్కడే ఉంటానంటోంది, అదేమీ లెక్కలోకి రాదా అని అడిగాను. అతను నా మీద కోపం తెచ్చుకోలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "అబ్బాయ్, అది ఆవిడ ఇష్టం. ఇష్టం వేరు, మంచిది వేరు. మా పంతులు తన ఇష్టం ప్రకారం గ్రేడు వేశాడు. నేను రోజ్విటాకి ఆ అన్యాయం చెయ్యను."

శుక్రవారం అంబులెన్స్‌లో ఆమెని ఒకటి పాయింట్ ఒకటికి చేర్చారు. హోముల పేర్లు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు, ఈ అంకెలే అనేవాళ్ళు. దుప్పటి, రేడియో, వంటింటి స్టూలు నేను వ్యానులో తీసుకెళ్ళాను. స్టూలు వద్దన్నారు, మిగతా కుర్చీలతో సరిపోలదట.

మొదటి ఆదివారం నేను వెళ్ళినప్పుడు ఆవిడ ముందు బల్ల మీద ఆ వారం భోజనాల పట్టిక నిలబెట్టి ఉంది. పెద్ద అక్షరాలు, రంగు బొమ్మలు. వేయించిన మాంసం, దాని పక్కన పార్స్లీ ఆకు. ఆవిడకి మింగుడు పడదు కాబట్టి అన్నిటినీ రుబ్బి ఒక గిన్నెలో పెట్టేవాళ్ళు.

"చదివి చెప్పు బాబూ, ఈ బూడిదరంగుది ఏమిటో," అంది. "బొమ్మ చూస్తే దూడమాంసంలా ఉంది. నోట్లో పెడితే పంతులుగారి ఉపన్యాసంలా ఉంది."

గంట నొక్కితే ఎవరూ రారని చెప్పింది. నేను నొక్కి చూశాను. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత వసారాలోకి వెళ్ళాను. అక్కడ బల్ల దగ్గర ఒక నర్సు పిల్ల కాగితాలు నింపుతోంది. కళ్ళ కింద నల్లటి చారలు. రాత్రి పన్నెండు దాకా ఎవరిని ఎప్పుడు తిప్పారో అప్పుడే రాసేస్తోంది. అప్పటికి మధ్యాహ్నం కాఫీ కూడా ఇవ్వలేదు.

"ఇంకా తిప్పలేదుగా," అన్నాను.

ఆ పిల్ల దాచుకోలేదు. "ఈ అంతస్తులో ముప్పైమంది, నేనొక్కదాన్ని. చెయ్యమంటారా, రాయమంటారా? రెంటికీ టైము లేదు. రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే ఏం పోతుందో మీరే చూశారుగా," అంది, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

ఇది నేను లోథార్‌కి చెప్పాను. అతను నమ్మాడు, అదీ విచిత్రం. నమ్మి, "ఒక్క మధ్యాహ్నం చూసి చెప్తున్నావు. తనిఖీవాళ్ళు రోజంతా చూస్తారు," అన్నాడు.

క్రిస్మస్ నాటికి ఆవిడ మడమ మీద, నడుము కింద చర్మం కమిలింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి పుండు పడింది. గదిలోకి అడుగు పెడితే వాసనకే తెలిసేది. లోథార్ రోజూ రెండు బస్సులు మారి వచ్చి, మంచం పక్కన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు నేను కూడా ఉన్నాను. ప్లోగరమ్మకి ఆ పూట జ్వరం. జోకులు ఆగిపోయాయి.

"లోథార్, నన్ను హెడ్విగ్ దగ్గరికి తీసుకెళ్ళు."

"ఆ గది ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు రోజ్విటా."

"వసారాలో వెయ్యమను. నేల మీద వెయ్యమను. సిస్టర్‌ని అడిగావా?"

"ఒకటి పాయింట్ ఒకటి నుంచి ఒకటి పాయింట్ ఎనిమిదికి ఎవరైనా వెళ్తారా?"

ఆమె కుడిచేత్తో దుప్పటి చూపించింది. "దుప్పటి ఎత్తి చూడు," అంది.

"డాక్టర్ చూస్తున్నాడు కదా."

"నువ్వు చూడు. యాభై మూడేళ్ళు. ఒక్కసారి, నువ్వు, నీ కళ్ళతో చూడు."

అతను చెయ్యి చాపాడు. దుప్పటి అంచు దాకా వెళ్ళింది చెయ్యి. అక్కడ ఆగింది. అంచు మడత సరిచేసి, వెనక్కి తీసుకున్నాడు. మంచం పుళ్ళకి మార్కెట్లో ఉన్న మూడు లేపనాల గురించి తెలుసుకున్నానని, వాటిలో జింకు ఉన్నదే మేలని తేలిందని చెప్పాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమెకి తనంతట తాను తిప్పగలిగింది అదొక్కటే మిగిలింది. ఆ తర్వాత నాతో మాట్లాడిందిగాని, అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

జనవరి చివర్లో పుండులోని విషం రక్తానికెక్కి చనిపోయింది.

లోథార్ శవపేటికల కోసం మూడు చోట్ల ధరలు తెప్పించాడు. సమాధి దగ్గర నుంచి వచ్చాక అందరం కాఫీకి కూర్చున్నాం, జడలా అల్లిన తీపి రొట్టె ముక్కలు పంచుతున్నారు. హెడ్విగ్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆవిడ రొట్టె ముట్టుకోలేదు.

"పెట్టె ఎన్ని చోట్ల చూశావు లోథార్?" అని అడిగింది.

"మూడు," అన్నాడు అతను. ప్రశ్న మామూలుదే అనుకున్నాడు.

"పడుకుని చూశావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కప్పుల్లోకి చూశారు. లోథార్ కాసేపు ఆలోచించి, "అలా చూడనివ్వరు," అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మెట్ల మీద నన్ను ఆపాడు. గడ్డం గీసుకుని, శుభ్రంగా ఉన్నాడు. బస్సు దిగి వస్తున్నాడు. ఊరి చివర ఆ అద్దాల గుమ్మం దాకా వెళ్ళి కాగితం చదివి వచ్చాడు. తనిఖీ మళ్ళీ జరిగిందట.

"ఈసారి ఒకటి పాయింట్ సున్నా," అన్నాడు. "చూశావా? నేను ఎంచింది తప్పు కాదు."

నోరు తెరిస్తే కొట్టేవాణ్ణి. ముసలివాణ్ణి మెట్ల మీద కొట్టడం మంచిది కాదు. అతన్ని దాటి పైకి వెళ్ళిపోయాను. అతను కింద నిలబడి ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు, అంశాలవారీగా. తలుపు వేసుకున్నాక కూడా వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఎందుకో తలుపు తీసి చూశాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని. మళ్ళీ తలుపు వేసుకున్నాను. జాలి చూపించడానికి నేను సిస్టర్‌ని కాను.

ఆ వేసవిలో నేను పని వెతుక్కుంటూ స్టుట్‌గార్ట్ వెళ్ళిపోయాను. రెండేళ్ళు అతని సంగతి తెలియదు, తెలుసుకోలేదు. ఒకసారి పాత ఇంట్లో మిగిలిన పుస్తకాల పెట్టె కోసం వస్తే, వాళ్ళ తలుపు మీద వేరే పేరు ఉంది. లోథార్ స్నానాల గదిలో పడి తొంటి ఎముక విరగ్గొట్టుకున్నాడని, హోమ్‌లో ఉన్నాడని కిందింటామె చెప్పింది. ఏ హోమ్ అని అడిగాను. వీధి వెనకాల వైపు చూపించింది.

నమ్మలేదు. నడిచి వెళ్ళాను. గుమ్మంలో అవే ఉల్లిపాయలు. కాగితం తగిలించిన చోట కొత్త కాగితం ఉంది, ఒకటి పాయింట్ తొమ్మిది. ఆ లావుపాటి సిస్టర్ నన్ను గుర్తుపట్టింది. తోటవైపు గది చూపించింది. దారిలో భోజనాల గది తలుపులోంచి హెడ్విగ్ కనబడింది, కిటికీ దగ్గర ఒంటరిగా. అతను వచ్చిన రోజు నుంచీ ఆవిడ అతనున్న బల్ల దగ్గర తినడం లేదని సిస్టర్ చెప్పింది.

లోథార్ మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బుగ్గలు నిండాయి. గోళ్ళు ఎవరో కత్తిరించారు. ఒక అమ్మాయి అప్పుడే అతన్ని ఓ పక్కకి తిప్పి, వీపుకి నూనె రాసి, చొక్కా సర్దుతోంది. ఆ వీపు నేను చూశాను. పసిపిల్లాడి వీపులా ఉంది, ఒక్క మచ్చ లేదు. నాకు ఆ పడకని తలకిందులు చెయ్యాలనిపించింది.

అమ్మాయి వెళ్ళాక కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ఈసారి ఎన్ని చోట్ల పోల్చారు, ప్లోగర్ గారూ?" అని అడిగాను. దెబ్బ తగలాలనే అడిగాను.

అతనికి తగల్లేదు. మంచి ప్రశ్న అడిగినట్టు తల ఊపాడు.

"ఎక్కడా చూళ్ళేదు అబ్బాయ్. దేనికి? రోజ్విటా ఇక్కడి సంగతులన్నీ ముందే కనుక్కుంది కదా. పొద్దుటి ఎండ వచ్చే గది అడగమని ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెప్పింది. అడిగాను. ఇచ్చారు."